సీసం కంపెనీ మట్టి

అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద జావా, డాట్‌నెట్, టెస్టింగ్ అంటూ ఒకదాని మీద ఒకటి కట్టిన ఫ్లెక్సీలను దాటి, జిరాక్సు షాపుల సందులోంచి లోపలికి పోతే ఒక లేడీస్ హాస్టల్ ఉండేది. జీవమణి అక్కడ వంట చేసేది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలు పొద్దున్నే ఉప్మా తిట్టుకుంటూ తిని క్లాసులకు పరిగెత్తేవాళ్లు. సాయంత్రం వచ్చి చారులో ఉప్పెక్కువైందనో, అన్నం మెత్తగైందనో అనేవాళ్లు. జీవమణి దేనికీ ఎదురు చెప్పేది కాదు. మర్నాడు ఉప్పు తగ్గించేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఎర్రగడ్డ రైతు బజారు నుంచి తెచ్చిన వంకాయలు ముందేసుకుని కోస్తుండగా, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"జీవమణి గారంటే మీరేనాండీ?"

పక్కన బియ్యం ఏరుతున్న మనిషి ఫక్కున నవ్వింది. ఆ వంటింట్లో జీవమణిని ఎవరూ 'గారు' అనలేదు అంతవరకు.

"నేనే," అంది జీవమణి.

"నా పేరు హైందవి అండీ. పంజాగుట్టలో మా ఆఫీసు. మీ బస్తీ వెనకాల ఆ మూసేసిన ఫ్యాక్టరీ ఉంది కదా, దాని గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ స్థలాన్ని శుభ్రం చెయ్యాలని కోర్టు చెప్పింది. తర్వాత అక్కడ ఏముండాలో చుట్టుపక్కల వాళ్లని అడిగి నిర్ణయించమంది. అందుకని ఒక కమిటీ వేస్తున్నాం. మీ బస్తీ నుంచి మీ పేరు ఇచ్చారు."

"నా పేరెందుకిచ్చిన్రు?"

హైందవి చేతిలోని ఫైలు వంక చూసింది. సమాధానం జీవమణికి తెలుసు. తెలిసే అడిగింది. ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టాలని మాత్రం కాదు. నోట్లోంచి వచ్చేసిందంతే.

"మీ బాబు..." అంది హైందవి.

"ఆ," అంది జీవమణి, ఇంకో వంకాయ అందుకుంటూ.

బస్తీలో అందరూ దాన్ని సీసం కంపెనీ అనేవాళ్లు. లారీల్లో వచ్చిన పాత బ్యాటరీలను అక్కడ పగలగొట్టి, లోపలి సీసాన్ని కొలిమిలో కరిగించి దిమ్మలు పోసేవాళ్లు. జీవమణి భర్త జాన్‌బాబు ఆ కొలిమి దగ్గరే పని చేశాడు. బస్తీలో సగం ఇళ్లు ఆ కంపెనీ జీతంతోనే గడిచేవి. గోడ అవతల గాలి ఎప్పుడూ కాస్త పుల్లగా ఉండేది, బట్టలారేస్తే మీద బూడిదరంగు దుమ్ము పడేది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జాన్‌బాబు పని నుంచి రాగానే కొడుకు లెవీని ఆ బట్టలతోనే ఎత్తుకుని సందు చివరిదాకా తిప్పుకొచ్చేవాడు. లెవీకి కడుపునొప్పి మొదలైంది, తిండి సయించేది కాదు, ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. బడిలో వెయ్యాల్సిన ఏడు పంజాగుట్ట ఆసుపత్రిలో పోయాడు. రక్తంలో సీసం ఉందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె జాన్‌బాబు వైపు చూడలేదు. అతనూ ఆమె వైపు చూడలేదు. ఆ తర్వాత ఎవరో వచ్చి బస్తీ పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు, పేపర్లలో రాశారు, కంపెనీకి సీలు వేశారు. జాన్‌బాబు ఒక కోచింగ్ సెంటర్ బిల్డింగుకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

లెవీని పూడ్చి వచ్చాక కొన్నాళ్లు ఏడుపు వచ్చింది జీవమణికి. ఆ తర్వాత నల్లా బంద్ అయినట్టు ఆగిపోయింది. మళ్లీ వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఏడుపుతో పాటు మిగతావి కూడా రావడం మానేశాయి. కూతురు ఒలీవియా క్లాసులో ఫస్ట్ వచ్చిందంటే "మంచిగున్నది బిడ్డా" అనేది, అంటున్న గొంతు ఎవరిదో అన్నట్టు వినపడేది. ఆదివారం చర్చిలో అందరితో పాటు పాట అందుకునేది. పెదాలు కదిలేవి.

కాబట్టి కమిటీకి రమ్మంటే రానని చెప్పడానికి ఆమెకు కారణమేమీ కనపడలేదు. వస్తానని చెప్పడానికీ కనపడలేదు. పక్కింటి రాజమ్మ తయారుచేసి పంపింది.

"పోవాలె మణీ. నువ్వు కూసుంటెనే వాళ్లకు నోరు లేవది," అంది రాజమ్మ. "ఇండ్లు అడుగు. మర్చిపోకు. ఇండ్లు."

రాజమ్మకు ఇల్లు కావాలి. ఒక్క గదిలో ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, మధ్యలో పాత చీర తెర. అమీర్‌పేటలో ఏ ఇంటివాణ్ని చూసినా కిరాయిదార్లను ఖాళీ చేయించి హాస్టల్ పెడుతున్నాడు. గదికి నలుగురు పిల్లల్ని కుక్కితే వచ్చే డబ్బు ఏ సంసారమిస్తుంది? లెవీ పోయినప్పుడు జీవమణి నోట్లో రోజుల తరబడి గంజి పోసింది రాజమ్మే. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

మొదటి మీటింగు కమ్యూనిటీ హాల్లో జరిగింది. ముందు వరసలో ఫ్యాక్టరీకి అటుపక్క అపార్ట్‌మెంట్ల వాళ్లు, వెనక బస్తీవాళ్లు కూర్చున్నారు. హైందవి కుర్చీలన్నీ లాగి గుండ్రంగా వేయించింది. గోడకు స్థలం పటం అంటించి, ఇక్కడ మీకేం కావాలో ఒక్కొక్కరూ చెప్పండి అంది. పార్కు అన్నారు, పార్కింగ్ అన్నారు, ఫంక్షన్ హాలు అన్నారు, ఇళ్లు అన్నారు. అపార్ట్‌మెంట్ల సంఘం ప్రెసిడెంటు కామరాజు గారు, బ్యాంకులో రిటైరైన భీమవరం మనిషి, వాకింగ్ ట్రాక్ ఎంత వెడల్పుండాలో బొమ్మ గీసి మరీ చూపించాడు. జీవమణి వంతు వచ్చేసరికి అందరూ ఆమె వైపు తిరిగారు. అందరి మొహాల్లో ఒకే రకం మెత్తదనం.

"ఇండ్లు కావాలంటున్నరు మావోళ్లు," అంది ఆమె.

"మీకేం కావాలండీ?" అని అడిగింది హైందవి.

జీవమణి నిజంగానే ఆలోచించింది. పటం వంక చూసింది. లోపల వెతికితే ఏమీ తగల్లేదు. "నాకేం తోస్తలేదమ్మా," అంది.

రెండో మీటింగుకు ఒక ఇంజనీరు వచ్చి రెండు దారులున్నాయని చెప్పాడు. ఒకటి, విషం ఎక్కిన మట్టినంతా లోతుగా తవ్వి తీసేసి, కొత్త మట్టి నింపడం. అలా చేస్తే పిల్లలు ఆడుకోవచ్చు, ఒక పక్క ఇళ్లూ కట్టుకోవచ్చు. రెండోది, మట్టిని ఉన్నచోటే ఉంచి, పైన బంకమట్టి, దాని మీద మందమైన ప్లాస్టిక్ షీటు, ఆపైన మంచి మట్టి పరిచి గడ్డి పెంచడం. అప్పుడు నడవచ్చు, కూర్చోవచ్చు గానీ, తవ్వకూడదు, కట్టకూడదు, ఎప్పటికీ కనిపెట్టుకుని ఉండాలి. కంపెనీకి రెండోదే చవక. ఆ మాట వినగానే బస్తీవాళ్లంతా మొదటిదే కావాలని చేతులెత్తారు. అపార్ట్‌మెంట్ల వాళ్లూ ఎత్తారు. మట్టి పోతే ఫ్లాట్ల రేటు పెరుగుతుందని కామరాజు గారు దాపరికం లేకుండానే చెప్పాడు. బస్తీ, అపార్ట్‌మెంట్లు ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. హైందవి మొహం వెలిగిపోయింది.

"తవ్విన మట్టి ఏడికి పోతది సార్?" అంది జీవమణి.

"ఊరవతల డంపింగ్ సైటు ఉందమ్మా. ఇలాంటి వాటి కోసమే కట్టారు."

"ఆడ ఎవరుంటరు?"

"ఎవరూ ఉండరమ్మా."

"ఎవ్వరు లేని జాగా ఉంటదా సార్?"

ఎత్తిపొడుపు కాదు అది. హాస్టల్లో ఎంగిలాకులు బయట పారేసినా ఏదో ఒక ఆవు వచ్చి నిలబడుతుంది. ఆమెకు తెలిసిన లోకం అలాంటిది. ఇంజనీరు నవ్వి ఊరుకున్నాడు. హైందవి మాత్రం పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, కావాలంటే వెళ్లి చూద్దాం, వ్యాన్ ఏర్పాటు చేస్తానంది.

కమిటీలో సగం మందే వచ్చారు. వ్యాన్ ఊరు దాటి, రాళ్లగుట్టలు దాటి, ఎటు చూసినా వెంచర్ల జెండాలు పాతిన భూముల మధ్య నుంచి పోయి ఒక పెద్ద కంచె ముందు ఆగింది. లోపల నల్లటి షీటు పరిచిన గుంతలు, లారీలు, మాస్కులు కట్టుకున్న కూలీలు. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. సైటు ఆఫీసరు చక్కగా వివరించాడు, కామరాజు గారు తలూపుతూ విన్నాడు. జీవమణి మధ్యలోనే బయటికి వచ్చి కంచె నీడలో నిలబడింది.

అక్కడ ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. పేరు మొగిలయ్య అని చెప్పాడు. ఊరు ఆ కనపడే చింతచెట్ల అవతలేనట.

"ఎవరు మీరు? ఆఫీసరోళ్లా?"

"కాదు. అమీర్‌పేట నుంచొచ్చినం. మా తాన ఒక కంపెనీ ఉండె. దాని మట్టి ఇటు పంపాల్నా వద్దా అని చూడనీకొచ్చినం."

"అట్లనా." మొగిలయ్య ఆమెను వింతగా చూశాడు. "మిమ్ములను అడిగిన్రా?"

"అడిగిన్రు."

"మమ్ముల ఎవ్వరడగలే. ఒకరోజు పొద్దుగాల లేచి చూస్తే కంచె ఏసిన్రు. మంచిదేనట, ఫికర్ లేదట. ఏమో మరి. బాయిల నీళ్లు మాత్రం తాగుతలేం. మేకలకు సుత పెడ్తలేం." ఒక మేక కంచెకు ఒళ్లు రుద్దుకుంటుంటే కర్రతో అదిలించాడు. "మీ తాన ఏమైంది?"

"నా కొడుకు పోయిండు," అంది జీవమణి.

అయ్యో అనలేదు ఆయన. పాపం అనలేదు. తలపాగా సర్దుకుని, "మరి గా మట్టేనా ఇటు పంపుతున్నరు?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. జీవమణి అవునన్నట్టు తలూపింది. ఆయన కూడా తలూపి, మేకల వెనక వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో హైందవి సమోసాలు పంచింది. జీవమణి తన వాటా కాగితంలో చుట్టి ఒలీవియాకు తీసుకుపోయింది. ఆ రోజు గురించి ఇంట్లో ఏమీ చెప్పలేదు. జాన్‌బాబు అడగలేదు. వాళ్లింట్లో ఆ కంపెనీ పేరు ఎత్తడం ఎప్పుడో మానేశారు.

ఆఖరి మీటింగు రోజు హాలు నిండిపోయింది. బస్తీ బస్తీయంతా వచ్చింది. రాజమ్మ కోడళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. జాన్‌బాబు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, వాచ్‌మన్ యూనిఫాంలోనే తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులెత్తించే ముందు, చూసి వచ్చినవాళ్లు ఎవరైనా మాట్లాడతారా అని హైందవి అడిగింది. మాట్లాడాలని జీవమణి అనుకోలేదు. అయినా లేచి నిలబడింది.

"ఆడ మనుషులున్నరు," అంది. "బాయి నీళ్లు తాగుతలేరు. వాళ్లను ఎవ్వరడగలేదంట. నా కొడుకును తీస్కపోయిన మట్టేనా ఇటు పంపుతున్నరు అని అడిగిండు మేకలు కాసే ఒకాయన. నేను అవునన్న." ఆగింది. ఇంకా ఏదో చెప్పాలి కాబోలని అందరూ చూస్తున్నారు. "నాకైతే ఇక్కడనే ఉండనియ్యాలనిపిస్తున్నది. మూసిపెడితే మనమే చూసుకుంటం గద. అంతే."

"ఏం మాట్లాడుతున్నవ్ మణీ?" రాజమ్మ గొంతు చిన్నగా వచ్చింది. "ఇండ్లు?"

జీవమణి కూర్చుంది. హాలంతా గొడవ మొదలైంది. కంపెనీ చేసిన పాపం మనం మొయ్యాల్నా అని ఒకరు, సైటువాళ్ల బాధ సైటువాళ్లది అని ఒకరు. ఇంతలో అపార్ట్‌మెంట్ల నుంచి ఒకావిడ, మట్టి తవ్వితే ఎన్ని లారీలు తిరుగుతాయని ఇంజనీరును అడిగింది. రెండేళ్ల పాటు రోజూ తిరుగుతాయన్నాడు. ఏ దారిన? అపార్ట్‌మెంట్ల గేటు ముందునుంచే, బస్తీ సందులో లారీ పట్టదు. దుమ్ము? పైన టార్పాలిన్ కప్పుతామండీ, కొంత ఉంటుంది. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక మూలకు చేరి గుసగుసలాడుకున్నారు. కామరాజు గారు లేచి గొంతు సవరించుకున్నాడు.

"జీవమణి గారు చెప్పింది మా మనసుల్ని కదిలించిందండీ. ఇంకో ఊరి పిల్లల్ని మనం బలిపెట్టకూడదు. మేమంతా రెండో పద్ధతికే ఒప్పుకుంటున్నాం."

చేతులెత్తారు. బస్తీలో కొందరు తవ్వాలన్నారు, కొందరు ఎటూ ఎత్తలేదు. అపార్ట్‌మెంట్ల చేతులన్నీ ఒకేసారి లేచాయి. అక్కడితో తేలిపోయింది.

ఆ పార్కుకు మాస్టర్ లెవీ పేరు పెడదామని కామరాజు గారు అప్పుడే ప్రతిపాదించాడు. చప్పట్లు మోగాయి. జీవమణి మళ్లీ లేవాల్సి వచ్చింది.

"వద్దు సార్."

"ఎందుకమ్మా? గుర్తుగా ఉంటుంది."

"రోజు గా కంపెనీ పక్క సందుల నుంచే పనికి పోత నేను. గేటు మీద వాని పేరు చదువుకుంట పోలేను."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి దిగాయి. హైందవి తల వంచుకుని ఏదో రాసుకుంది. ఇంటికి నడుస్తుంటే జాన్‌బాబు నాలుగడుగులు ముందు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే అడిగాడు.

"ఎందుకన్నవట్ల?"

"తెల్వది."

"మంచిదే అన్నవ్ తీ," అన్నాడు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు. అన్నేళ్లలో ఆ కంపెనీ గురించి వాళ్లు మాట్లాడుకున్నది అంతే.

తర్వాత అనుకున్నట్టే జరిగింది. కంపెనీవాళ్లు జీవమణికి ఏదో ముట్టజెప్పారని బస్తీలో పుకారు పుట్టింది. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మాటలు ఆగేవి. ఆమెకు బాధ కలగలేదు. బాధ కలగాల్సిన చోట వేలు పెట్టి చూసుకున్నట్టు చూసుకునేది, మొద్దుబారిన చర్మంలా ఏమీ తెలిసేది కాదు. ఎండాకాలంలో షెడ్లు కూల్చారు, షీట్లు పరిచారు, మట్టి పోశారు. వానలకు గడ్డి లేచింది. గేటు పక్కన 'ఇక్కడ తవ్వరాదు' అని బోర్డు పెట్టారు. పొద్దున్నే అపార్ట్‌మెంట్ల వాళ్లు షూ వేసుకుని నడవసాగారు. బస్తీ పిల్లలు సాయంత్రం పోయేవాళ్లు, పార్కు వాచ్‌మన్ తరిమితే వచ్చేసేవాళ్లు.

హైందవి చివరిసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు మిఠాయి డబ్బా తెచ్చింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందట, ఈ ఆఫీసు మానేస్తోందట.

"మీకొక విషయం చెప్పాలండీ," అంది. "ఆ డంపింగ్ సైటులో మన మట్టి కోసం ఉంచిన గుంతలో ఇంకో ఫ్యాక్టరీ మట్టి పోసేశారు. నిన్ననే తెలిసింది. చెప్పకపోతే నాకు బాగుండదని..."

జీవమణి ఆ అమ్మాయికి టీ కలిపి ఇచ్చింది. మొగిలయ్య మేకలు గుర్తొచ్చాయి. "నువ్వేం జేస్తవమ్మా," అంది. "జర చక్కెర తక్కువైందా?"

పచ్చని మైదానం పక్కన ఉన్నందుకు సందులో ఇళ్ల రేట్లు పెరిగాయి. రాజమ్మ ఉండే ఇంటి ఓనరు దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు హాస్టల్ కడతారట. ఒక శనివారం రాజమ్మ సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కుతోంది. ఎర్రగడ్డ అవతల ఎక్కడో గది దొరికింది. ఆఖరి మీటింగు తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. జీవమణి పనికి పోతూ ఆగి, గడపలో ఉన్న గ్యాస్ పొయ్యి అందుకుని ఆటోలో పెట్టబోయింది.

"దించు!" అని అరిచింది రాజమ్మ. "నా పొయ్యి ముట్టకు. అంత పుణ్యం నాకొద్దు. మేకలోనికి మేలు జేసినవ్, అపార్ట్‌మెంటోళ్లకు గడ్డి మొలిపించినవ్. నీ పక్కింటి దాన్ని రోడ్డు మీదేసినవ్. నీ కొడుకు నాకు కొడుకు కాదా? వాని నోట్లో నేను బువ్వ పెట్టలేదా? ఒక్క మాట, ముందుగాల వచ్చి నాతోని ఒక్క మాట అన్నవా నువ్వు?"

సందులో అందరూ తొంగి చూశారు. రాజమ్మ కోడలు "ఊకో అత్తా, ఆమెతోని అట్ల మాట్లాడొద్దు" అని చెయ్యి పట్టుకుంది. రాజమ్మ విదిలించుకుంది.

జీవమణి పొయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. లెవీ పోయినప్పటి నుంచి ఎవరూ ఆమెతో గొంతెత్తి మాట్లాడలేదు. హాస్టల్ ఓనరమ్మ, పాస్టరు గారు, జాన్‌బాబు, చివరికి ఒలీవియా కూడా, పక్కగదిలో రోగి ఉన్నట్టే మాట్లాడేవాళ్లు. ఇన్నేళ్లకు ఒక మనిషి ఆమెను నిలబెట్టి, నువ్వు ఈ పని చేశావు, నాకిది కావలసింది, ఎందుకు చేశావని అడుగుతోంది. ఛాతీలో ఎక్కడో తిమ్మిరి విడుస్తున్నట్టు చురుక్కుమంది.

"చెప్తె నువ్వు ఒప్పుకుంటుంటివా?" అంది. గొంతు తనకే పెద్దగా వినపడింది. "ఇండ్లు ఇండ్లు అని నువ్వే గద నన్ను పంపింది? నన్నెందుకు పంపినవ్? సచ్చిన కొడుకును చూపిస్తే పని అయితదని పంపినవ్!"

"అవును, అందుకే పంపిన!" అంది రాజమ్మ. "నాకు ఇల్లు గావాలె. అందుకే పంపిన. తప్పా?"

"తప్పే!"

"అయితే తప్పే! ఏం జేస్తవ్?"

ఏం చేస్తుంది? ఇద్దరూ రొప్పుతూ ఒకరినొకరు చూసుకున్నారు. ట్రాలీ అతను హారన్ కొట్టాడు. రాజమ్మ ముక్కు కొంగుతో తుడుచుకుని, "పెట్టు ఇగ. బరువైతలేదా?" అంది విసుగ్గా. జీవమణి పొయ్యిని బియ్యం మూటల పక్కన పెట్టి, కదలకుండా ఒక గోనె దోపింది. రాజమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆటో కదిలేటప్పుడు ఇటు చూడలేదు. సందు మలుపు దాకా జీవమణి చూస్తూనే నిలబడింది.

హాస్టల్‌కు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆడపిల్లలు గ్లాసులు పట్టుకుని వంటింటి ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. క్లాసులు పోతున్నాయని ఒకమ్మాయి గట్టిగా విసుక్కుంది. జీవమణి స్టవ్ వెలిగించి పాలు పెట్టింది.

"అరిచి అరిచి వచ్చిన. జర ఆగున్రి," అంది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.